లారీ వెంట ఆసుపత్రి

కాటా దగ్గర లారీలు బారులు తీరాయంటే డ్రైవర్లకు ఇక చేసే పనంటూ ఉండదు. తూకమయ్యేదాకా బండి కదలదు, బండిని వదిలి మనిషి కదలడానికీ లేదు. కునుకు తీసేవాళ్ళు టైర్ల నీడన కునుకు తీస్తారు, పేకాడేవాళ్ళు తువ్వాలు పరిచి పేకాడతారు, మిగిలినవాళ్ళు లోకంలో ఎవరెలా బతకాలో అక్కడే కూర్చుని తీర్పు చెప్పేస్తారు. అంతమంది అంతసేపు ఒకేచోట ఖాళీగా దొరకడం కంటి ఆసుపత్రి నర్సమ్మకు కలిసొచ్చిన అదృష్టంలా కనిపించింది.

ఆమె ఆ ఊరి కంటి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. లారీ డ్రైవర్లు అక్కడికి రావడం చూసింది గానీ, తమంతట తాము నడిచి రావడం మాత్రం ఎన్నడూ చూడలేదు. పెళ్ళామో కొడుకో చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తారు. షుగరు కంటి లోపలి పొరను కొరికి, అక్కడ నెత్తురు చిమ్మి, చూపుకి అడ్డంగా చీకటి దిగాక వస్తారు. "కాస్త ముందు రావలసింది" అని డాక్టర్లు అంటారు. "ముందు కనపడుతూనే ఉంది కదండీ" అని వాళ్ళంటారు. రెండూ నిజమే. వినీ వినీ నర్సమ్మకే ప్రాణం విసిగింది.

వాళ్ళు రాకపోతే మనమే పోదామని పైవాళ్ళ వెంటపడింది. అడగ్గా అడగ్గా లారీల యార్డు మూలన తుప్పు పట్టి పడున్న సరుకుల కంటైనరు ఒకటి ఇప్పించారు. ఆమె దానికి తలుపు పెట్టించి, ఫ్యాను బిగించి, సగానికి నల్ల పరదా కట్టించింది. కెమెరా మాత్రం సరికొత్తది, చేతిలో ఇమిడేంత. చీకట్లో కంటికి ఎదురుగా పట్టి నొక్కితే, చుక్కల మందు వేయకుండానే కంటి లోపలి పొరను ఫోటో తీస్తుంది. తీసిన ఫోటోను తనే పరిశీలించుకుని, ఏదైనా తేడా ఉంటే ఎర్ర గుర్తు చూపిస్తుంది. ఎర్ర గుర్తు పడగానే ఆ ఫోటో పెద్ద ఆసుపత్రిలో కూర్చున్న కళ్ళ డాక్టరమ్మకు చేరుతుంది, ఆవిడ తెర మీదికొచ్చి మాట్లాడుతుంది. లైనులో తన వంతు పోగొట్టుకోకుండానే డ్రైవరుకి కంటి డాక్టరు దొరుకుతుందన్నమాట.

ఇంత చేసి తలుపు తీసి కూర్చుంటే ఒక్కరూ గడప తొక్కలేదు.

ఒక్కరూ అంటే అన్యాయం. ఆమె మేనమామ రోజు విడిచి రోజు వచ్చేవాడు. ఆయన యార్డులో అందరికన్నా పాత డ్రైవరు, సిమెంటు లోడు మీద తిరుగుతాడు. అందరూ ఆయన్ని 'హారన్' అంటారు. యార్డు ఈ చివర నిలబడి ఆయన "ఒరేయ్" అంటే ఆ చివర లారీ దానంతటదే పక్కకు తప్పుకుంటుందని చెప్పుకుంటారు. ఆయన రావడం కూడా ఫ్యాను గాలి కోసం, మేనకోడలి ఫ్లాస్కులో టీ కోసం. కెమెరా ముందున్న స్టూలు వంక మాత్రం తిరిగి చూసేవాడు కాదు.

"మావయ్యా, ఒక్క నిమిషం. ఇలా కూర్చో చాలు."

"నావి గద్ద కళ్ళమ్మాయ్. మైలు అవతల చెయ్యెత్తినవాడు ఎవడో ఇక్కణ్నుంచే చెప్తా."

"మైలు అవతల సంగతి నాకెందుకు, లోపల సంగతి కావాలి."

"లోపల ఏముంటుంది? చూడటం వాటి పని, అవి చూస్తున్నాయి. నడపడం నా పని, నేను నడుపుతున్నా. మధ్యలో నీదేం పేచీ?"

టీ తాగేసి గ్లాసు బోర్లించి వెళ్ళిపోయేవాడు. షుగరు ఆయనకు కొత్త కాదు. మాత్రలు వేసుకోవడం మాత్రం ఇష్టమైనప్పుడు వేసుకుంటాడు, మరిచిపోయినప్పుడు మరిచిపోతాడు. అదంతా తెలిసిన మేనకోడలికి మనసు పీకుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే నలుగురైదుగురు డ్రైవర్లు కంటైనరు తలుపు దగ్గర నీడకు చేరారు. అంతకు ముందే ఆసుపత్రి నుంచి అక్షరాల పటం కొత్తది వచ్చింది. పాతది చిరిగిపోతే తీసేసి, కొత్తదాన్ని వెనక గోడకు తగిలించింది నర్సమ్మ. జనం కనబడేసరికి మావయ్యకు హుషారొచ్చింది.

"ఈ పిల్లకు నా చూపు మీద అనుమానంరా" అని గుమ్మంలో నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసి, గొంతెత్తి పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు. ఎక్కడా తడబడలేదు. అయిపోయాక మీసం మీద చెయ్యి వేసుకుని చూశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన చదివినదానికీ గోడ మీదున్నదానికీ మొదటి అక్షరం నుంచే పొంతన లేదు.

వెనక నుంచి ఒకతను మెల్లగా అన్నాడు. "అన్నా, నువ్వు చదివింది పాత సిలబస్సు."

గొల్లున నవ్వారు. నర్సమ్మకూ నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నవ్వుతున్నవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుని సద్దుమణిగారు. లైసెన్సు ఆఫీసులో కూడా వేలాడే ఆ పాత పటాన్ని యార్డులో సగంమంది ఎక్కాలు వల్లించినట్టు వల్లించి పెట్టుకున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది. దూరమని, తీరిక లేదని వీళ్ళు రావడం లేదనుకుంది ఇన్నాళ్ళూ. దూరం కాదు, తీరికా కాదు. కంట్లో లోపం బయటపడితే స్టీరింగు చేజారుతుందని భయం. అంత భయాన్ని కడుపులో పెట్టుకున్నవాడికి గుమ్మంలోకి ఆసుపత్రి తెచ్చినా ఒకటే, గుండెల మీద పెట్టినా ఒకటే.

మావయ్య మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత టీకి రాలేదు. నలుగురిలో ఆయన తల కొట్టేసినట్టయిందని నర్సమ్మ లోలోపల బాధపడుతూనే ఉంది. అంతలో అత్తయ్య ఫోను చేసింది.

"ఏమే, మీ మావయ్య నీ దగ్గర ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదత్తయ్యా. అలిగాడు."

"అలక సంగతి వదిలెయ్. నేనొకటి అడుగుతా, నిజం చెప్పు. ఇంట్లో ఒక్క ఈగ లేదు. ఈయన మాత్రం కూర్చున్నా నిలుచున్నా మొహం ముందు ఈగలు తోలుకుంటున్నాడు. మొన్న గ్లాసులో టీ పొయ్యమంటే గ్లాసు పక్కన పోశాడు. ఏమిటని అడిగితే కసురుతున్నాడు. నాకెందుకో కాళ్ళు చేతులు ఆడటం లేదు."

లేని ఈగలు ఏమిటో నర్సమ్మకు తెలుసు. కంటి లోపల చిమ్మిన నెత్తురు మరకలే అలా నల్లగా కదులుతాయి. ఆ మాట ఫోనులో చెప్పలేదు. "రేపు పొద్దున మావయ్యను ఎక్కడికీ పోనివ్వకు, నేనే వస్తున్నా" అని మాత్రం అంది.

మర్నాడు కెమెరా సంచీలో వేసుకుని వెళ్ళేసరికి మావయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు. మేనకోడల్ని చూడగానే సంగతి అర్థమై చెప్పుల కోసం వెతికాడు. చెప్పులు కనబడలేదు. అత్తయ్య వాటిని ముందే దాచేసి, వీధి తలుపుకి గడియ వేసి, గడియకు వీపు ఆనించి నిలబడింది.

"ఏమిటి ఈ దొమ్మీ? నా ఇంట్లో నన్నే నిర్బంధిస్తారా?"

"అవును" అంది అత్తయ్య. "కూర్చో."

వంటింటి కిటికీ మూసి, గుడ్డ అడ్డం కట్టి చీకటి చేశారు. పీట మీద కూర్చున్న మావయ్య కన్ను దగ్గరికి నర్సమ్మ కెమెరా తెచ్చింది. ఒక్క మెరుపు, ఇంకో కంటికి ఇంకో మెరుపు. అంతే. ఆయన "ఇంతేనా" అంటూండగానే తెర మీద రెండు కళ్ళకూ ఎర్ర గుర్తు పడింది.

"ఇదేమిటి, పొద్దున పొడిచే సూర్యుడిలా ఉంది" అన్నాడు మావయ్య ఆ ఫోటో చూసి.

"నీ కన్నే, మావయ్యా. ఇదిగో, ఈ మరకలు చూశావా? అవి ఉండకూడదు."

కాసేపటికి కళ్ళ డాక్టరమ్మ తెర మీదికొచ్చింది. నింపాదిగా మాట్లాడే మనిషి, అయినా ఏదీ దాచలేదు. కంటి లోపలి పొర మీద బలం లేని కొత్త రక్తనాళాలు గడ్డిలా మొలిచాయని, ఎడమ కంట్లో అవి అప్పుడే చిట్లుతున్నాయని, కుడి కన్నూ అదే దారిలో ఉందని చెప్పింది. "లేజరు పెడితే ఉన్న చూపు నిలబెట్టొచ్చు. ఆలస్యం చేస్తే ఆ అవకాశం కూడా ఉండదు. ఒకేసారి అయ్యే పని కాదు, వారాల తేడాతో కొన్నిసార్లు రావాలి. అంతవరకు మీరు బండి నడపకూడదు."

మావయ్య చెవిలో చివరి ముక్కే పడింది. "నడపకుండా ఉంటే నా సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. వాడు మళ్ళీ లేస్తాడా? ఊళ్ళో కూర్చుని మీ ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ ఉంటే నేను డ్రైవర్నెలా అవుతాను?"

అలా అంటున్నప్పుడు ఆయన గొంతులో హారను లేదు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు దగ్గర నుంచి మాత్రం కదల్లేదు.

నర్సమ్మ ఇంటికి పోతూ దారంతా అదే ఆలోచించింది. మావయ్య బండి తిరిగే దారి ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. కొండ అవతల సిమెంటు ఫ్యాక్టరీ, మధ్యలో తమ ఊరు, ఆ చివర రేవు. లోడెత్తేది ఫ్యాక్టరీలో, దించేది రేవులో, మళ్ళీ వెనక్కి. ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళోనూ రేవు ఊళ్ళోనూ కంటి ఆసుపత్రులున్నాయి, లేజరు యంత్రాలున్నాయి. బండి ఎలాగూ ఆ ఊళ్ళన్నీ తొక్కుతుంది. ఒక విడత ఇక్కడ, ఇంకో విడత అక్కడ పెడితే ఏం పోయింది? మనిషిని ఆసుపత్రికి కట్టెయ్యడం దేనికి, ఆసుపత్రినే లారీ వెంట నడిపిస్తే పోలా?

డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పింది. ఆవిడ, "వైద్యపరంగా అడ్డేమీ లేదు. మనుషుల్ని ఒప్పించడమే కష్టం" అంది.

ఆ మాట అక్షరాలా నిజమైంది. ఫ్యాక్టరీ ఊరి ఆసుపత్రి వాళ్ళు తొందరగానే సరేనన్నారు. రేవు ఊరి ఆసుపత్రి పెద్దాయన మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. నర్సమ్మ బస్సెక్కి స్వయంగా వెళ్ళి కలిసింది. ఆయన టేబుల్ మీద కంటి నమూనా ఒకటి ఉంటే దాన్ని తిప్పుతూ విన్నాడు.

"చూడమ్మా, నీ ఉద్దేశం మంచిదే. కాదనను. కానీ ఇంకెవరో తీసిన ఫోటో చూసి, ఇంకెవరో సగం చేసిన పనిని నేను పూర్తి చేస్తే, రేపు చూపు దెబ్బతింటే బాధ్యత ఎవరిది? ఒకసారి అలా చిక్కుల్లో పడ్డాను."

"మీరు మీ కళ్ళతో చూడకుండా చెయ్యమని ఎవరూ అనరు సార్. మా ఫోటోలు, అక్కడ పెట్టిన లేజరు వివరాలు అన్నీ మీ తెర మీద ఉంటాయి. మీరు మళ్ళీ చూసుకుని, మీకు సరే అనిపిస్తేనే చెయ్యండి. అనుమానమొస్తే డాక్టరమ్మ ఆ నిమిషంలోనే మీతో మాట్లాడతారు."

"అది సరే. మరి లారీ ఏ టైముకొస్తుంది? నా దగ్గర అపాయింట్‌మెంట్లు పొద్దున నుంచి సాయంత్రం దాకా నిండి ఉంటాయి. లారీవాళ్ళు రేపు వస్తామని ఎల్లుండి వస్తారు."

నర్సమ్మ ఆలోచించి చెప్తానని లేచింది. వెనక్కి వస్తూ బస్సు కిటికీలోంచి ఎదురొస్తున్న లారీలను చూస్తుంటే తట్టింది. ప్రతి లారీలోనూ ఓనర్లు పెట్టించిన ట్రాకరు ఉంటుంది. బండి ఎక్కడుందో, ఎంతసేపు ఆగిందో ఓనరు ఫోనులో చుక్కలా కనబడుతుంది. డ్రైవర్లకు అదంటే పరమ మంట. 'ఓనరు గూఢచారి' అంటారు దాన్ని. ఆ చుక్కే ఆసుపత్రికి కూడా కనబడితే లారీ ఎప్పుడొస్తుందో ఒకరిని అడగక్కర్లేదు.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సరాసరి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళింది. ఓనరు ముక్కుసూటి మనిషి. అంతా విని, "కళ్ళు కనపడని డ్రైవరు నా బండి మీద ఉన్నాడని నువ్వే వచ్చి చెప్తున్నావు సిస్టర్. నేనేం చెయ్యాలి? తీసెయ్యాలా?" అన్నాడు.

"తీసేస్తే మీకు మిగిలేది కళ్ళు చూపించుకోని డ్రైవర్లే. వాళ్ళకు బాగా కనపడుతోందని మీకెవరు చెప్పారు?"

ఓనరు నోట్లోని లవంగం నమలడం ఆపాడు.

"కళ్ళు చూపించుకున్నవాడి ఉద్యోగం పోదని ఒక్క మాటివ్వండి" అంది ఆమె. "డాక్టరమ్మ నడపొచ్చనేదాకా పక్క సీట్లో కూర్చోబెట్టండి, లోడు లెక్క చూసుకుంటాడు, దారి చెప్తాడు. ఆయనకు తెలిసినంతగా ఆ రోడ్డు ఎవరికి తెలుసు? బాగయ్యాక మళ్ళీ ఆయన సీటు ఆయనకివ్వండి. ఆ ట్రాకరు చుక్కను ఆసుపత్రులకు చూపించండి. అది కూడా మావయ్య ఒప్పుకుంటేనే."

ఓనరు ఒక పట్టాన ఒప్పుకోలేదు. యాక్సిడెంట్ల మాట, ఇన్సూరెన్సు మాట, పక్క సీటు జీతం మాట అన్నీ తెచ్చాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఆయనే, "సరే, పెద్దాయన. నా బండ్లన్నీ ఆయన చేతి మీదే నడక నేర్చాయి. కానివ్వు" అన్నాడు.

చుక్క కనబడుతుందనేసరికి రేవు ఆసుపత్రి పెద్దాయన కూడా ఒక లారీతో చూద్దామన్నాడు. ఇక మిగిలింది మావయ్య. పక్క సీటు అనేసరికి కస్సుమన్నాడు. అందుకు కారణముంది. ఆయన బండి ఇప్పుడు నడపబోయేవాడు పొడుగు. ఒకప్పుడు ఆయన దగ్గరే క్లీనరుగా చేరి, ఆయన చేత తిట్లు తిని స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాడు. నిలబడితే తల క్యాబిన్ పైకప్పుకి తగులుతుందని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

"వాడి పక్కన నేను కూర్చోవాలా? వాడికి గేరు మార్చడం కూడా సరిగ్గా రాదు."

"అయితే పక్కనుండి నేర్పించు" అంది అత్తయ్య. "నేను నీ పక్కన ఇన్నేళ్ళు కూర్చోలేదా? నాకేమైనా అయిందా?"

ఆయన గొణుక్కుంటూనే సరేనన్నాడు. ట్రాకరు మాటకి మాత్రం ఒక్కసారి నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఆ గూఢచారిని గుడ్డ కప్పి దాచాలని చూశాను. చివరికి అదే నా కోసం ఆసుపత్రికి కబురు మోస్తుందా? మోయనీ."

మొదటి విడత లేజరు ఫ్యాక్టరీ ఊళ్ళో, లోడెత్తుతున్న సమయంలోనే అయిపోయింది. లోడు వేసుకుని బండి యార్డుకి వచ్చినప్పుడు పొడుగు కంటైనరు దగ్గరికొచ్చి చెప్పాడు, నవ్వు ఆపుకోలేక.

"అక్కా, మీ మావయ్య కింద బ్రేకు లేకపోయినా తొక్కుతూనే ఉన్నాడు. ఘాట్ రోడ్డు దిగేసరికి కాలు పట్టేసి కుంటుతున్నాడు. కళ్ళకు మందేశావు, ఇక కాలుకి వెయ్యి."

మావయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెనకే వచ్చాడు. "వాడి మాటలు నమ్మకు. ప్రతి మలుపులోనూ నేను చెప్తేనే తిప్పాడు."

"లేజరు ఎలా ఉంది మావయ్యా?"

"పచ్చటి మెరుపులు. ఎదురుగా వచ్చేవాడు డిమ్ములు కొట్టకుండా హైబీములు వేసినట్టు. కాస్త పోటుగా ఉంది. పర్లేదు, భరించా." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆ డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడమ్మాయ్. ముందుగా నా పేరు పెట్టి పిలిచి, మీ బండి గేటు దాటగానే కుర్చీ సిద్ధం చేశామండీ అన్నాడు. నాకోసం ఎవరైనా కుర్చీ వేయడం ఇదే మొదలు."

రెండో విడత రేవు ఊళ్ళో. ఆ రోజే చిక్కొచ్చింది. దారిలో వంతెన మరమ్మతని బండ్లన్నీ ఆపేశారు. నర్సమ్మ తన ఫోనులో చుక్కను చూస్తూ కూర్చుంది. చుక్క కదలలేదు. మధ్యాహ్నమైంది, కదలలేదు. మళ్ళీ చూసింది, అక్కడే ఉంది. రేవు ఆసుపత్రి పెద్దాయన ముందే అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. మొదటి లారీయే టైముకి రాకపోతే ఆయన రెండోదాన్ని రానిస్తాడా? ఫోను చేసి క్షమాపణ చెబుదామనుకుంది, చెయ్యలేకపోయింది. ఎండ వాలి, యార్డులో లైట్లు వెలుగుతున్న వేళకు చుక్క కదిలింది. అప్పటికి ఏ ఆసుపత్రైనా తలుపులు వేసి ఉంటుంది. అయినా వెళ్ళి చూడమని పొడుగుకి చెప్పింది.

బాగా రాత్రయ్యాక ఫోను మోగింది. చేసింది రేవు ఆసుపత్రి పెద్దాయనే.

"మీ మావయ్య పని అయిపోయిందమ్మా. బాగా జరిగింది."

"సార్, మీరు ఇంకా అక్కడే ఉన్నారా?"

"మీ చుక్క కదల్లేదు, నేనూ కదల్లేదు. వంతెన దగ్గర ఆగిందని కనబడుతూనే ఉంది కదా. రానివాడికీ రాలేకపోతున్నవాడికీ తేడా తెలియకుండా ఇన్నాళ్ళు ఎంతమందిని వెనక్కి పంపానో. ఫోటోలు కూడా చూశాను, మీ కెమెరా పనితనం బాగుంది. వచ్చే విడతకు మా వైపు ఫోటోలు మీకు పంపిస్తాం."

ఫోను పెట్టేశాక నర్సమ్మ కంటైనరు మెట్టు మీద కూర్చుని అత్తయ్యకు ఆ కబురు చెప్పింది.

మిగిలిన విడతలు అలాగే జరిగాయి. ఒకటి లోడెత్తే చోట, ఒకటి దించే చోట. లేజరు కన్నుకి కొత్త చూపు తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని పోనివ్వదు. మావయ్యకు ఎడమ కన్ను కాస్త మసగ్గానే మిగిలింది. కుడి కన్ను నిలబడింది. ఈగలు ఒకటీ అరా తప్ప పోయాయి. షుగరు మాత్రలు ఇప్పుడు అత్తయ్య చేతిలోంచే ఆయన నోట్లోకి పోతున్నాయి కాబట్టి మరిచిపోయే సమస్యే లేదు. కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మ ఆయన్ని పెద్ద ఆసుపత్రికి పిలిపించి, క్షుణ్ణంగా పరీక్షలన్నీ చేయించింది. పక్క చూపు ఎంతవరకు ఉందో యంత్రం మీద కొలిపించింది. చివరికి, "పగటిపూట నడపొచ్చు. చీకటి పడ్డాక స్టీరింగు ముట్టుకోకూడదు. ప్రతి మూడు నెలలకీ ఫోటో. ఈ రెండు మాటల్లో ఏది తప్పినా నేనే ఓనరుకి ఫోను చేస్తాను" అంది.

మావయ్య రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. రాత్రి రోడ్డంటే ఆయనకు ప్రాణం. చల్లగా ఉంటుంది, ఖాళీగా ఉంటుంది, పాటలు పాడుకోవచ్చు. అది పోయిందంటే సగం డ్రైవరు పోయినట్టే అనిపించింది. మూడో రోజు కంటైనరుకి టీకొచ్చి, "రాత్రిళ్ళు పొడుగు తోలుతాడు, పగలు నేను తోలతా. మధ్యలో వాడికి గేర్లు నేర్పిస్తా" అన్నాడు. అంటే సమాధానపడ్డాడన్నమాట.

ఆ సంగతి యార్డంతా పాకింది. నర్సమ్మ ఇన్నాళ్ళు గొంతు చించుకుని చెప్పినా కదలనివాళ్ళు, హారన్ మళ్ళీ తన సీట్లో కూర్చోవడం కళ్ళారా చూసి కదిలారు. మొదట వచ్చింది ఆ పాత సిలబస్సు మాటన్నవాడు. "నవ్వాను గానీ అక్కా, నాకూ ఆ సిలబస్సే వచ్చు" అంటూ స్టూలు మీద కూర్చున్నాడు. అతని కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కళ్ళద్దాలు మాత్రం కావాలి. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. కాటా ముందు లైను, కంటైనరు ముందు లైను. మావయ్య బండి ఆగి ఉన్న రోజుల్లో లైను పక్కన నిలబడి, ఫోటో అంటే ఏమిటో, లేజరు అంటే ఏమిటో, పచ్చ మెరుపులు ఎలా ఉంటాయో ఆ గొంతుతో వివరిస్తాడు. లోపల పరదా వెనక నర్సమ్మకు రోగి మాట వినబడక బయటికొచ్చి "మావయ్యా, కాస్త వాల్యూము" అనవలసి వస్తోంది.

మీసం ఇంకా సరిగ్గా రాని వయసున్న డ్రైవరొకడికి ఎర్ర గుర్తు పడింది. కుర్రాడు బిక్కచచ్చిపోయి కూర్చుంటే, మావయ్యే పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. "భయపడకురా. ముందే దొరికావు. నాకంటే నయం. నీ దారి ఏది? ఉత్తరం వైపా?"

ఉత్తరం వైపు దారిలో లేజరు ఉన్న ఆసుపత్రులు ఎక్కడున్నాయో నర్సమ్మకు అప్పటికి తెలియదు. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టింది. ఈసారి ఒప్పించడానికి ఆమె ఒక్కతే లేదు. రేవు ఆసుపత్రి పెద్దాయన తనకు తెలిసినవాళ్ళకు తనే చెప్తానన్నాడు. ఓనరు ఇంకో ఇద్దరు ఓనర్లను వెంటబెట్టుకొచ్చాడు, వాళ్ళ బండ్ల చుక్కలు కూడా కలుపుకోమని. పైవాళ్ళు రెండో కంటైనరుకి ఏ రంగు వెయ్యాలో అడిగారు.

ఒకరోజు పొద్దున్నే యార్డుకి వచ్చేసరికి మావయ్య బండి లోడుతో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. క్యాబిన్ కింద అత్తయ్య చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నిలబడి, మెట్టు వంక అనుమానంగా చూస్తోంది.

"ఏమిటత్తయ్యా, ఎక్కడికి?"

"రేవుకి. మీ మావయ్య మూడు నెలల ఫోటో ఈసారి అక్కడేనట. పెళ్ళయినప్పటి నుంచీ రేవు, రేవు అంటాడే గానీ ఒక్కనాడైనా చూపించాడా? సముద్రం ఎలా ఉంటుందో నేనూ చూస్తా." మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ దించింది. "ఇంత ఎత్తున కట్టారేమిటే దీన్ని? మనుషులెక్కడానికేనా?"

పొడుగు వెనక పడక సీటులోకి జరిగి చోటిచ్చాడు. మావయ్య స్టీరింగు వదిలి వంగి చెయ్యి అందించాడు. నర్సమ్మ కింద నుంచి ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి పైకి చేర్చేసరికి చూస్తున్న డ్రైవర్లందరూ ఈలలు వేశారు.

"కూర్చున్నావా?" అన్నాడు మావయ్య.

"కూర్చున్నా. మెల్లగా పోనీ."

"మెల్లగానే పోతా. ఎండ బాగా ఉంది, రోడ్డంతా కనపడుతోంది."

బండి గేటు దాటి, మలుపు తిరిగి, పొద్దుటి వెలుగులో రేవు దారి పట్టింది. నర్సమ్మ కంటైనరు తాళం తీసింది. లైనులో మొదటివాడు అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.